క్లబ్‌లో మొదటిసారి ఫాక్స్ హంట్ పెడుతున్నారా, అయితే ఇది ఒకసారి చదవండి

లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే వాళ్ళవి, అంటే అమెచ్యూర్ లేదా హ్యామ్ రేడియో క్లబ్బులు, చాలావాటిలో కథ ఒకటే. వారానికోసారి రిపీటర్ (సిగ్నల్ని అందుకుని దూరానికి తిరిగి పంపే స్టేషన్) మీద నెట్, అంటే రేడియోలోనే జరిగే మీటింగ్, నడుస్తుంది, అవే ఏడెనిమిది కాల్‌సైన్లు చెక్ ఇన్ అవుతాయి, మీ సిగ్నల్ బాగుందండీ, మీది కూడా బాగుందండీ, 73 (హ్యామ్స్ భాషలో శుభాకాంక్షలు), అయిపోయింది. నెలకోసారి మీటింగ్ పెడితే వచ్చేది నలుగురు, ఆ నలుగురూ పోయినసారి ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే యాంటెన్నాల గురించి మళ్ళీ వాదన మొదలెడతారు. కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాడు రెండు మీటింగులు చూసి మూడోదానికి కనపడడు, అప్పుడు మనం ఈ కాలం పిల్లలకి ఓపిక లేదండీ అనుకుంటాం, వాడి చేతికి మనం ఒక్క పని కూడా ఇవ్వలేదని మాత్రం అనుకోం. అందుకే అడిగిన ప్రతి క్లబ్బుకీ నేను చెప్పేది ఒకటే, ముందు ఒక ఫాక్స్ హంట్ పెట్టండి. ఒక్క పూటలో అయిపోతుంది, పెద్ద ఖర్చు ఉండదు, పైగా ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దాయన్ని నిన్న చేరిన పిల్ల ఓడించేసే ఛాన్స్ ఉంటుంది, అది చూడ్డానికైనా జనం వస్తారు.

తెలియని వాళ్ళ కోసం, ఫాక్స్ హంట్ అంటే రేడియోతో ఆడే దాగుడుమూతలు. ఒకరు చిన్న ట్రాన్స్‌మిటర్ పట్టుకెళ్ళి ఎక్కడో దాక్కుంటారు, దాన్నే ఫాక్స్ అంటాం, మిగతా వాళ్ళు సిగ్నల్ ఎటునుంచి వస్తోందో యాంటెన్నాతో చూసుకుంటూ వెతుక్కుంటూ వెళ్తారు. దీన్నే సీరియస్‌గా ఆడే వాళ్ళు ఏఆర్‌డీఎఫ్ (అమెచ్యూర్ రేడియో డైరెక్షన్ ఫైండింగ్) అంటారు, అడవిలో మ్యాప్, కంపాస్ పట్టుకుని పరిగెత్తే ఆట అది, 1980లో పోలండ్‌లో మొదటి వరల్డ్ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. అందులో ఐదు ఫాక్సులు ఉంటాయి, అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతుకి ఒక నిమిషం చొప్పున మోర్స్‌లో కూస్తాయి, ఎంఓఈ, ఎంఓఐ, ఎంఓఎస్, ఎంఓహెచ్, ఎంఓ5 అని. ఎంఓ తర్వాత ఒక డిట్, అంటే మోర్స్‌లో చుక్కకి వచ్చే పొట్టి కూత, వస్తే ఒకటో ఫాక్స్, రెండు డిట్లు వస్తే రెండోది, ఐదు వస్తే ఐదోది, అంటే మోర్స్ రాని వాడు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఆడేయొచ్చు. ఎవరు కనిపెట్టారో గానీ ఆ చిన్న తెలివి నాకు భలే ఇష్టం. సరే, మనకి ఐదు వద్దు, అడవీ వద్దు. ఒక్క ఫాక్స్, ఒక పార్కో ఖాళీ కాలేజీ గ్రౌండో, రెండు గంటల టైం, చాలు.

మొదటిసారి పెట్టే వాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. ఫాక్స్‌ని మరీ గొప్పగా దాచేస్తారు. దాచే వాడికి అదో కిక్, ఎవరికీ దొరక్కూడదని పంతం. మా మొదటి హంట్‌లో గోడకీ పొదకీ మధ్య సందులో, పైన ఆకులు కప్పి మరీ పెట్టాను, మూడు గంటలు ఎండలో తిరిగి ఒక్కరికీ దొరకలేదు, చివరికి నేనే వెళ్ళి చూపిస్తే ఓహో అని ఇంటికెళ్ళిపోయారు, రెండో హంట్‌కి అందులో సగం మంది రాలేదు. మొదటిసారి వచ్చిన వాళ్ళలో ఎక్కువ మందికి దొరికి తీరాలి. పదిమంది వస్తే కనీసం ఏడుగురికి దొరకాలని లెక్కేసుకుని దాచండి. ఇంకో సంగతి, దూరంలో ఉన్నప్పుడు అందరూ బాగానే వెళ్తారు, యాంటెన్నా అటు చూపిస్తోంది కాబట్టి అటు నడుస్తారు, కష్టమంతా ఆఖరి యాభై మీటర్లలోనే. అక్కడికొచ్చాక సిగ్నల్ ఎంత బలంగా ఉంటుందంటే యాంటెన్నా ఏ దిక్కుకి తిప్పినా రేడియోలో సిగ్నల్ మీటర్ ఫుల్లే చూపిస్తుంది, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అదే చెట్టు చుట్టూ తిరుగుతుంటారు. కాబట్టి మీరు నేర్పాల్సింది కూడా ఎక్కువగా ఈ ఆఖరి యాభై మీటర్ల గురించే, దాని సంగతి కింద వివరంగా చెప్తాను.

ముందు ఫాక్స్ సంగతి. జనం వెంటనే బాక్స్, కంట్రోలర్ బోర్డు, బ్యాటరీ అంటూ మొదలెడతారు. మొదటి హంట్‌కి అవేవీ వద్దు, ఒక మనిషిని కూర్చోబెట్టండి. లైసెన్స్ ఉన్న ఒక మెంబర్ హ్యాండీ, అంటే చేతిలో పట్టే వాకీటాకీ లాంటి రేడియో, పట్టుకుని ఎక్కడో బెంచీ వెనకో చెట్టు చాటునో కూర్చుంటాడు, నిమిషంలో ముప్ఫై సెకన్లు పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కి ఏదో ఒకటి చదువుతాడు, కాల్‌సైన్ చెప్తాడు, ముప్ఫై సెకన్లు ఊరుకుంటాడు. ఇందులో లాభాలు చాలా ఉన్నాయి. ఎవరూ లేకుండా దానంతటదే ట్రాన్స్‌మిట్ చేసే పెట్టె మీద కొన్ని దేశాల్లో రూల్స్ వేరేగా ఉంటాయి, మనిషి పక్కనే ఉంటే ఆ గొడవ ఉండదు. పెట్టెని ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం లేదు. జనం తప్పు వైపు పోతుంటే పవర్ కాస్త పెంచొచ్చు, దగ్గరికొస్తుంటే తగ్గించొచ్చు. ఒక్కటే నష్టం, ఆ కూర్చున్న వాడికి బోర్ కొడుతుంది, అందుకే కాస్త వాగుడుకాయని ఎంచుకోండి.

పవర్ తక్కువే పెట్టండి. పార్కు సైజు ఆటకి హ్యాండీలో ఉండే లో పవర్ సెట్టింగే ఎక్కువ, ఐదు వాట్లు పెట్టారంటే గేటు దగ్గరే మీటర్లన్నీ నిండిపోయి ఏ దిక్కూ తెలీదు. ఇంకా తగ్గించాలనిపిస్తే యాంటెన్నా మాత్రం పీకేయకండి, లోడ్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే ఫైనల్, అంటే సెట్‌లో ఆఖరి పవర్ ట్రాన్సిస్టర్, పోవచ్చు. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్, అంటే పవర్‌ని బయటికి పంపకుండా వేడిగా మార్చేసే రెసిస్టర్, తగిలించండి, దాంట్లోంచి లీకయ్యే కాస్త సిగ్నల్ కూడా కొన్ని పదుల మీటర్ల వరకు వినపడుతుంది, పిల్లలకి చిన్న గ్రౌండ్‌లో ఆట పెట్టాలంటే అదే బాగుంటుంది. ముప్ఫై సెకన్ల గ్యాప్ కూడా ఊరికే చెప్పలేదు, హ్యాండీలు ఆపకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే వేడెక్కుతాయి, బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది, చాలా సెట్లలో టైం అవుట్ టైమర్ ఉండి అదే కట్ చేసేస్తుంది.

ఫ్రీక్వెన్సీ 2 మీటర్ బ్యాండ్‌లో సింప్లెక్స్, అంటే రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునేది, ఏదైనా పర్లేదు గానీ అందరూ ముందు ఒకరినొకరు పిలుచుకునే కాలింగ్ ఫ్రీక్వెన్సీ మీద పెట్టకండి, అది చాలా చోట్ల 145.500 మెగాహెర్ట్జ్, అమెరికా ఖండాల్లో 146.520. రిపీటర్ అవుట్‌పుట్ మీదా వద్దు, 145.800 నుంచి పైన 146 దాకా శాటిలైట్ల భాగం, ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ కిందికి మాట్లాడేది కూడా 145.800 మీదే, అక్కడ మన గోల అస్సలు వద్దు. ఉదాహరణకి 145.300 అనుకుందాం, కింద లెక్కలన్నీ దాంతోనే చెప్తాను, మీ బ్యాండ్ ప్లాన్‌లో అది దేనికి ఇచ్చారో చూసుకుని మార్చుకోండి. ముందురోజు అదే టైంకి ఒక గంట ఆ ఫ్రీక్వెన్సీ విని చూడండి, ఎవరైనా రోజూ వాడుకునేదైతే అప్పుడే తెలిసిపోతుంది.

ఇప్పుడు యాంటెన్నా. హంట్‌కి రెండు వారాల ముందు ఒక రోజు దీనికోసమే పెట్టుకోండి, నిజం చెప్పాలంటే సగం మజా ఇక్కడే ఉంది. ఉక్కు కొలత టేప్ ముక్కలతో, పీవీసీ పైపుతో చేసే మూడు ఎలిమెంట్ల, అంటే మూడు అడ్డ ముక్కల, యాగీ యాంటెన్నా ప్రపంచమంతా హ్యామ్స్ చేసుకునేదే. కొలతలు రాసుకోండి. వెనక ఉండే రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు, రేడియోకి కలిపే మధ్య డ్రివెన్ ఎలిమెంట్ రెండు ముక్కలు ఒక్కోటి 45, ముందుండే డైరెక్టర్ 89. రిఫ్లెక్టర్ నుంచి డ్రివెన్‌కి 20 సెంటీమీటర్ల దూరం, అక్కణ్ణుంచి డైరెక్టర్‌కి 32. డ్రివెన్ ముక్కలు రెంటికీ మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, ఆ ఖాళీ మీదుగా 13 సెంటీమీటర్ల తీగని హెయిర్‌పిన్‌లా యూ ఆకారంలో వంచి, కాళ్ళ మధ్య రెండు సెంటీమీటర్లు ఉండేలా టంకం పెట్టాలి, రేడియోకి వెళ్ళే కోయాక్స్ కేబుల్ కూడా అక్కడే, నడిమి తీగ ఒక ముక్కకి, దాని చుట్టూ జల్లెడలా అల్లిన తీగ ఇంకో ముక్కకి. ఈ కొలతలు 146న్నర మెగాహెర్ట్జ్ దగ్గరికి వేసినవి, 145లో వాడితే అన్నీ ఒక శాతం పెంచుకోవచ్చు, పెంచకపోయినా పనిచేస్తుంది, మనం దీంతో వినడమే తప్ప ట్రాన్స్‌మిట్ చేయం కాబట్టి ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయితే కొంప మునగదు. ఈ డిజైన్‌లో గొప్పతనం గెయిన్ (ముందువైపు సిగ్నల్ని పెంచడం) కాదు, వెనక వైపు నుంచి వచ్చేది బాగా తక్కువ వినపడుతుంది, మనకి కావాల్సింది అదే.

టంకం దగ్గర అందరూ తంటాలు పడతారు. టేప్ మీద పసుపు రంగు పూత ఉంటుంది కదా, దాన్ని గరుకు కాగితంతో మెరిసే ఉక్కు కనపడేదాకా గీకాలి, రెండు వైపులా, ఫ్లక్స్ రాసి పెద్ద ఐరన్‌తో ముందు ఆ ఉక్కు మీద టంకం పలచగా పరిచి ఆ తర్వాతే తీగ పెట్టాలి. సన్న ఐరన్‌తో ప్రయత్నిస్తే ఉక్కు వేడంతా లాగేసుకుంటుంది, టంకం ఉండకట్టి నీటిబొట్టులా దొర్లిపోతుంది. మా దగ్గర ఒకాయన, ముప్ఫై ఏళ్ళుగా సెట్లు రిపేర్ చేసిన మనిషి, ఇదేం పెద్ద పనని గీకకుండా మొదలెట్టి అరగంట తర్వాత కూడా అదే జాయింట్ మీద ఉన్నాడు, పక్కన పన్నెండేళ్ళ పిల్ల శ్రద్ధగా గీకి రెండో యాంటెన్నా మొదలెట్టేసింది. టేప్ అంచులు కత్తిరించాక మూలలు గుండ్రంగా చేసి దాని మీద ఇన్సులేషన్ టేప్ చుట్టండి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, పొదల్లోంచి వెళ్ళేటప్పుడు వంగిన ఎలిమెంట్ టపీమని వెనక్కి కొడుతుంది, సరిగ్గా కంటి ఎత్తులో. ఎలిమెంట్లని పైపుకి హోస్ క్లాంపులతో బిగిస్తే అయిపోయింది.

యాంటెన్నా చేతికొచ్చాక అక్కడే ఒక ట్రయల్ వేయించండి. ఒకరు వంద మీటర్ల దూరంలో నిలబడి లో పవర్‌లో మాట్లాడాలి, మిగతావాళ్ళు తిప్పి చూడాలి. ఇక్కడ కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, యాంటెన్నా ఎటు తిప్పినా వాయిస్ ఒకేలా వినపడుతోందేంటండీ అని. ఎఫ్ఎం రిసీవర్ అంతే, లోపల సిగ్నల్ని ఒకే ఎత్తుకి కత్తిరించే లిమిటర్ ఉంటుంది, సిగ్నల్ కాస్త పెరిగినా తగ్గినా సౌండ్ మారదు. కాబట్టి వాయిస్ వదిలేసి దాని వెనక ఉండే హిస్, అంటే బుస లాంటి శబ్దం, వినమనండి. బలమైన సిగ్నల్ వస్తే హిస్ మొత్తం పోతుంది, తగ్గుతుంటే సన్నగా మొదలవుతుంది. సిగ్నల్ లేనప్పుడు ఆ హిస్‌ని నొక్కేసే స్క్వెల్చ్‌ని పూర్తిగా తెరిచి పెట్టుకోవాలి. ఇంకో మాట, ఎక్కువ వినపడే దిక్కు కంటే అస్సలు వినపడని దిక్కు పట్టుకోవడం తేలిక, యాగీ ముందువైపు చాలా వెడల్పుగా ఉంటుంది, ముప్ఫై నలభై డిగ్రీలు అటూ ఇటూ తిప్పినా పెద్ద తేడా తెలీదు, వెనక వైపు మాత్రం ఉన్నట్టుండి పడిపోతుంది, అక్కడ ఆపి వెనక్కి తిరిగి చూస్తే మీ దిక్కు అదే.

ఎలిమెంట్లు నిలువుగా పట్టుకోవాలని కూడా చెప్పండి, ఎందుకంటే ఫాక్స్ దగ్గర హ్యాండీ యాంటెన్నా నిలువుగా ఉంటుంది. అడ్డంగా పట్టుకుంటే సిగ్నల్ బాగా పడిపోతుంది, మొదట్లో అది తప్పు, ఆఖర్లో సిగ్నల్ తగ్గించుకోవడానికి అదే ఉపాయం.

యాంటెన్నా లేని వాళ్ళని కూడా ఇంటికి పంపకండి. ఉత్త హ్యాండీతో కూడా ఆడొచ్చు, రేడియోని గుండెకి ఆనించి పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరగాలి, ఒక చోట సిగ్నల్ బాగా తగ్గుతుంది, అప్పుడు ఫాక్స్ మీ వీపు వెనక ఉన్నట్టు, మన శరీరమే అడ్డంపడి సిగ్నల్ని మింగేస్తోంది. చూసే వాళ్ళకి ఎవరో పూనకం వచ్చి గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది గానీ పని చేస్తుంది. పైగా హంట్‌లో ఎవరూ ట్రాన్స్‌మిట్ చేయక్కర్లేదు, వినడమే కాబట్టి లైసెన్స్ లేని పిల్లల్ని, ఇంట్లో వాళ్ళని కూడా టీమ్‌లో కలపొచ్చు, మీ దగ్గర వినడానికి, సెట్ పట్టుకోవడానికి రూల్ ఏముందో మాత్రం ముందే చూసుకోండి.

ఇక ఆఖరి యాభై మీటర్లు. ఇక్కడ సిగ్నల్ తక్కువ చేసుకోవడమే ఆట. మొదటి ఉపాయం యాంటెన్నా పీకేసి ఉత్త రేడియోతో వినడం. రెండోది ఫ్రీక్వెన్సీ పక్కకి జరపడం, 145.300 ఫాక్స్ అయితే 145.310, ఇంకా దగ్గరకొచ్చాక 145.315 మీద వినండి, బలంగా ఉన్నప్పుడే పక్కకి చిందుతుంది కాబట్టి మళ్ళీ దిక్కు తెలుస్తుంది. మూడోది మూడో హార్మోనిక్, ఫ్రీక్వెన్సీని మూడుతో గుణిస్తే 435.900, ప్రతి ట్రాన్స్‌మిటర్ నుంచి కాస్తో కూస్తో అక్కడ కూడా వస్తుంది, డ్యూయల్ బ్యాండ్ హ్యాండీ ఉంటే అక్కడ వినండి, అది వినపడిందంటే మీరు చాలా దగ్గర్లో ఉన్నట్టే. ఇంకా మొరటు పద్ధతి కూడా ఉంది, రేడియోని ఒక పొడుగాటి డబ్బాలోనో, అట్టగొట్టానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి దాంట్లోనో మెల్లగా దించుతూ పోవడం, లోపలికి దిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. మా క్లబ్‌లో మొదటి విజేత గెలిచింది డబ్బాతోనే, అప్పటికి పక్కన ఖరీదైన సెట్ ఉన్న టీమ్ అదే చెట్టు చుట్టూ ఐదోసారి తిరుగుతోంది.

టంకం మీద సరదా ఉన్నవాళ్ళకి ఆఫ్‌సెట్ అటెన్యుయేటర్ చెప్తాను. మామూలు అటెన్యుయేటర్, అంటే సిగ్నల్ని తగ్గించే పరికరం, యాంటెన్నాకీ రేడియోకీ మధ్య పెడితే, బాగా దగ్గరకొచ్చాక సిగ్నల్ యాంటెన్నా దారిన రాకుండా నేరుగా హ్యాండీ ప్లాస్టిక్ బాడీలోంచే దూరిపోతుంది, మీరు నాబ్ ఎంత తిప్పినా లాభం ఉండదు. దానికి విరుగుడు, 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ ఒకటి, ఒక 1ఎన్4148 డయోడ్, ఒక పొటెన్షియోమీటర్, చిన్న బ్యాటరీ. వచ్చిన సిగ్నల్, ఆ 4 మెగాహెర్ట్జ్ డయోడ్‌లో కలిసి 149.300 మీద, 141.300 మీద కొత్త సిగ్నల్ పుడుతుంది, మీరు రేడియోని అక్కడ ట్యూన్ చేసుకుంటారు, బాడీలోంచి దూరే 145.300 ఇప్పుడు మీకు వినపడదు, కొత్త సిగ్నల్ ఎంత రావాలో పొటెన్షియోమీటర్ తిప్పి మీరే పెట్టుకోవచ్చు. పక్కనే నిలబడి కూడా దిక్కు పట్టొచ్చు. మీ రేడియో ఆ ఫ్రీక్వెన్సీలు వినగలదో లేదో ముందే చూసుకోండి, మొత్తాన్ని ఒక లోహపు డబ్బాలో పెట్టండి. రెండో హంట్ నాటికి క్లబ్‌లో సగం మంది ఇది చేసుకుంటారు, మీరు చెప్పక్కర్లేదు కూడా.

మ్యాప్ మీద గీతలు గీయడం కూడా ఒకసారి చూపించండి, దూరాలు ఎక్కువైతే అదే ఆధారం. ఒక చోట నుంచి దిక్కు చూసి గీత, ఇంకో చోటికి నడిచి ఇంకో గీత, రెండూ ఎక్కడ కోసుకుంటాయో అక్కడ. రెండో చోటు ఎంచుకోవడంలోనే ఉంది అంతా, ఫాక్స్ వైపే నేరుగా నడిచి మళ్ళీ చూస్తే రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఏమీ తెలీదు, కాబట్టి పక్కకి నడవాలి, గీతలు తొంభై డిగ్రీలకి దగ్గరగా కోసుకుంటే బాగుంటుంది. కంపాస్‌ని యాంటెన్నా దగ్గర పెట్టి చూడకండి, అది ఉక్కు టేప్ కదా, ముల్లుని లాగేస్తుంది, కారు టాప్ మీద పెట్టినా అంతే. ఒక హంట్‌లో ఒక టీమ్ మొత్తం గీతలన్నీ ఒకే వైపు తప్పుగా గీసుకుంది, చూస్తే కంపాస్‌ని పైపుకే రబ్బర్ బ్యాండ్ వేసి కట్టుకున్నారు, బుర్ర వాడాం అని సంబరపడుతూ. ఇంకోటి, పెద్ద బిల్డింగ్ గోడ, ఇనప వాటర్ ట్యాంక్, కొండ ఇవన్నీ సిగ్నల్ని అద్దంలా తిప్పి కొడతాయి, ఒక్క చోట చూసిన దిక్కుని నమ్మొద్దు, నాలుగు అడుగులు జరిగి మళ్ళీ చూడాలి, మారిపోతే అది రిఫ్లెక్షనే.

పర్మిషన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. చేతుల్లో వింత యాంటెన్నాలు పట్టుకుని పదిమంది పొదల్లో వెతుకుతుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్థలం చూసుకునే వాళ్ళకి ముందే ఒక కాగితం రాసివ్వండి, తేదీ, టైం, ఎంతమంది, బాధ్యత ఎవరిది. తర్వాత్తర్వాత మనిషి బదులు పెట్టె పెట్టే రోజు వస్తే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఇది అమెచ్యూర్ రేడియో ఆట పరికరం, ప్రమాదం లేదు అని రాసి, కాల్‌సైన్, ఫోన్ నంబర్ అంటించండి. తీగలు బయటికి కనపడుతూ, లైట్ మెరుస్తూ, యాంటెన్నా ఉన్న పెట్టె చెట్టు కింద కనపడితే ఎవరైనా భయపడతారు. మా రెండో హంట్‌లో ఒక పెద్దాయన వాకింగ్‌కి వచ్చి పెట్టె చూసి సెక్యూరిటీని పిలిచాడు, వాళ్ళు దాని చుట్టూ తాడు కట్టేశారు, ఆ రోజు అందరికీ దిక్కులు చూడకుండానే ఫాక్స్ దొరికింది.

ఆ రోజు పొద్దున చెప్పాల్సిన రూల్స్ నాలుగైదు మించకూడదు, ఎక్కువైతే ఎవరూ వినరు. గోడలు, కంచెలు దూకక్కర్లేదు, ఫాక్స్ నేల మీదే ఉంది, చెట్టెక్కక్కర్లేదు. ఒంటరిగా ఎవరూ వెళ్ళొద్దు, ఇద్దరిద్దరు. దొరికిన వాళ్ళు అరవకూడదు, ఫాక్స్ దగ్గర చీటీ మీద టైం రాయించుకుని మెల్లగా వేరే వైపు వెళ్ళిపోవాలి, లేకపోతే మిగతా వాళ్ళు రేడియో వదిలేసి వీళ్ళ వెనకే వచ్చేస్తారు, వస్తారు, నన్ను నమ్మండి. జత కలిపేటప్పుడు ఒక పాతవాణ్ణీ ఒక కొత్తవాణ్ణీ కలపండి, యాంటెన్నా మాత్రం కొత్తవాడి చేతిలోనే ఉండాలి, పాతవాడు నోటితో చెప్పాలి గానీ లాక్కోకూడదు. ఈ ఒక్క రూల్ పెట్టడానికి మాకు మూడు హంట్‌లు పట్టింది, పాతవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో చూడాలి.

అయిపోయాక అందరూ ఒక చోట కూర్చుని ఎవరెవరు ఏ దారిన వెళ్ళారో మ్యాప్ మీద గీయించండి. తర్వాతి వారం నెట్‌లో దీన్నే వార్తగా చదవండి, క్లబ్ న్యూస్‌లో కూడా వేయండి, కాకపోతే ఫలానా వారు మొదటి స్థానం, కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది అనే టైపులో వద్దు, అలాంటివి రాసినవాడు కూడా రెండోసారి చదవడు. ఎవరు ఏ గోడ దగ్గర మోసపోయారు, ఎవరి డబ్బా పనిచేసింది, ఏ టీమ్ ఫాక్స్ పక్కనే బెంచీ మీద కూర్చుని మ్యాప్ చూసుకుంది, ఇవి రాయండి. వాళ్ళ పేరు వార్తలో వినపడిన కొత్తవాళ్ళు ఆ వారం నెట్‌లో చెక్ ఇన్ అవుతారు, మా దగ్గర అప్పటిదాకా మైక్ పట్టుకోవడానికి భయపడ్డ ఇద్దరు, ఆ గోడ దగ్గర తప్పు మాది కాదండీ అని సర్దిచెప్పుకోవడానికే మొదటిసారి పీటీటీ నొక్కారు.

చివరగా ఒక సంగతి, ఇది రాసిపెట్టుకోండి. ఫాక్స్‌గా కూర్చున్నవాడు ఫాక్స్ ఫ్రీక్వెన్సీ మీద ఎవరు పిలిచినా జవాబివ్వకూడదు, అది రూల్, అందుకని పిలుచుకోవడానికి రెండో ఫ్రీక్వెన్సీ ఒకటి పెట్టుకోవాలి, ఆట అయిపోయే టైం కూడా గడియారం ప్రకారం ముందే అనుకోవాలి, పన్నెండింటికి ఆట అయిపోతుంది అంటే ఫాక్స్ పన్నెండింటికి లేచి వచ్చేయాలి. మూడో హంట్‌లో ఫాక్స్ నేనే. రెండో ఫ్రీక్వెన్సీ పెట్టుకోలేదు, టైం చెప్పుకోలేదు, అందరికీ దొరికేదాకా అనుకున్నాం. అందరూ దొరకబుచ్చుకుని వెళ్ళారు, చీటీలో ఒక టీమ్ తక్కువుంది, వస్తారు కదా అని నేను నిమిషానికోసారి కాల్‌సైన్ చెప్తూ అక్కడే కూర్చున్నాను. ఆ టీమ్ వాళ్ళకి పిల్లాడు ఏడుస్తున్నాడని మధ్యలోనే ఇంటికెళ్ళిపోయారట. గంటన్నర తర్వాత బ్యాటరీ అయిపోయి నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేరు. ఆ రోజు గ్రూప్ ఫొటో ఇప్పటికీ క్లబ్ గోడ మీద ఉంది, అందరూ ఉన్నారు అందులో, ఫాక్స్ తప్ప.